పోలమ్మ పిన్ని ఫోన్లో తెరుచుకోని వెబ్‌సైట్

2023 వేసవి. విజయనగరంలో ఒక జిరాక్సు షాపు మేడ మీద చిన్న గది అద్దెకు తీసుకుని, వెబ్‌సైట్లు చేసిపెడతానని బోర్డు కట్టాను. ఆరు నెలల కోర్సు, ఒక పాత ల్యాప్‌టాప్, బోలెడంత ధైర్యం తప్ప నా దగ్గర ఇంకేమీ లేవు.

మొదటి క్లయింటు పోలమ్మ పిన్ని. చుట్టం కాదు, నేను అలా పిలిచేదాన్ని. యాభై దాటిన మనిషి. భోగాపురం దగ్గర సముద్రపొడ్డు ఊరు. మరో ఆరుగురు ఆడవాళ్లతో కలిసి నెత్తళ్లనే చిన్న చేపలు, రొయ్యపొట్టు ఎండబెట్టి, ఫోన్లో అడిగినవాళ్లకు పార్సిల్ పంపేది. కుర్చీలో కూర్చుంటూనే విషయం చెప్పేసింది.

“పొద్దున లేస్తే ఫోన్లే పాపా. నెత్తళ్లున్నాయా, రొయ్యపొట్టుందా అని. అడిగినోళ్లే మళ్లీ అడుగుతారు. అందరూ సూసుకునేలాగ ఏదో ఒకటి సేసిపెట్టు.”

వెబ్‌సైట్ బిల్డర్ అంటే, కోడ్ రాయకుండా సిద్ధంగా ఉన్న ముక్కల్ని పేర్చి సైటు కట్టే సాఫ్ట్‌వేర్. అలాంటివి మూడింటిని వారం రోజులు పోల్చి చూశాను. పోల్చానంటే నా గదిలో, నా వైఫైతో, నా ల్యాప్‌టాప్ మీద. ఒకదాని టెంప్లేట్లు, అంటే ముందే గీసిపెట్టిన పేజీ నమూనాలు, చూసి మనసు పారేసుకున్నాను. పేజీ తెరవగానే అలల వీడియో, దాని మీద తేలుతూ వచ్చే అక్షరాలు. మూడోది చప్పగా ఉంది. తెల్ల పేజీ, వరసగా ఫొటోలు. ఐదు నిమిషాల్లో పక్కన పెట్టేశాను.

ఆ అలల నమూనాతోనే సైటు కట్టి, నా ల్యాప్‌టాప్‌లో చూపిస్తే పిన్ని ముఖం వెలిగిపోయింది. “సినిమాలాగుంది పాపా!” అంది. ఆ రోజంతా నేను నేల మీద లేను.

చిక్కు తర్వాత మొదలైంది. ఎండు చేపల సరుకు రోజూ మారుతుంది. నేను ఎంచిన సాఫ్ట్‌వేర్‌లో మార్పులు కంప్యూటర్ మీదే చెయ్యాలి. పిన్నికి కంప్యూటర్ లేదు. అందుకని రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసి చెప్పేది, నేను మార్చేదాన్ని. ఒకసారి కొత్తవలసలో మా మేనత్త ఇంట్లో పెళ్లి. ల్యాప్‌టాప్ తీసుకెళ్లలేదు. ఫోన్ సంచిలో ఎక్కడో ఉండిపోయింది. రెండు రోజులపాటు, అయిపోయిన నెత్తళ్లు సైటులో ఉన్నట్టే కనిపించాయి. పదకొండు మంది ఆర్డరు పెట్టారు. పిన్ని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి లేవని చెప్పుకోవాల్సి వచ్చింది. మూడేళ్లుగా కొంటున్న ఒక టీచరమ్మ “నువ్వు కూడా ఇలా తయారయ్యావా పోలమ్మా” అని ఫోన్ పెట్టేసిందట.

నేను ఊరు నుంచి రాగానే పిన్ని బస్సెక్కి వచ్చింది. తిడుతుందనుకున్నాను. మంచినీళ్లు తాగి నెమ్మదిగా అంది.

“నా కొట్టే గాని, తలుపు తియ్యాలన్నా ముయ్యాలన్నా నువ్వే రావాల. నువ్వు ఊరెల్తే నానేటి సెయ్యాల? ఇంకోటి సెప్తాను, కోపం తెచ్చుకోకు. మా ఊర్లో నా ఫోన్లో అది ఒక్కనాడూ తెరుసుకోనేదు. గుండ్రంగా తిరుగుతాదంతే.”

“ముందే చెప్పలేదేం పిన్నీ?”

“అంత ముచ్చటపడి సేసినావు. ఏటని సెప్పను?”

నాకు తలెత్తబుద్ధి కాలేదు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

రెండు రోజుల తర్వాత వాళ్ల ఊరు వెళ్లాను. చేపలు ఆరబెట్టే చోట, ఎండలో, ఆమె ఫోన్ మీదే మూడు సాఫ్ట్‌వేర్లనూ మళ్లీ పరీక్షించాను. సిగ్నల్ ఒక్క గీత. నా అలలు కదల్లేదు. చప్పగా ఉందన్నది మాత్రం వెంటనే తెరుచుకుంది. దానికి ఫోన్ యాప్ ఉంది. మెనూ తెలుగులో పెట్టుకోవచ్చు. ఒక మీట నొక్కితే సరుకు మీద ‘అయిపోయింది’ అని పడుతుంది. కాకపోతే ఒక బిల్డర్‌లో కట్టిన సైటును ఇంకోదానిలోకి ఎత్తిపెట్టడం నాకు కుదరలేదు. మొదటినుంచీ కట్టాను. పది రోజులు పట్టింది.

నేర్పడానికి ఇంకో నాలుగుసార్లు వెళ్లాను. పిన్ని కూడబలుక్కుని చదవగలదు, టైపు చెయ్యలేదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయని చూపించాను. “నానేటంటే అదే రాస్తాదా?” అని నవ్వుతూనే ఉంది. రెండోసారి వెళ్లినప్పుడు రొయ్యపొట్టు పేజీ మొత్తం చెరిపేసి, బెదిరిపోయి చేతులు వెనక్కి పెట్టుకుంది. తిరిగి తెచ్చే దారి చూపించాను.

“అయితే నానేటి సేసినా పాడైపోదన్నమాట” అంది. ఆ తర్వాత భయం పోయింది.

ఆ ఏడాది చివర్లో అల్పపీడనం పట్టింది. మూడో రోజు పొద్దున ఆదుర్దాగా సైటు తెరిచాను. అన్ని సరుకుల మీదా ‘అయిపోయింది’ అని ఉంది. పైన టార్పాలిన్ కప్పిన చేపల ఫొటో. దాని కింద పిన్ని మాటలు, పలికినట్టే:

“వాన పడతన్నాది. సేపలు ఎండనేదు. తడివి పంపితే పాడైపోతాయి. ఎండొచ్చాక పంపుతాను. ఏటీ అనుకోకండి.”

దిద్దబోయి ఆగిపోయాను. కింద అప్పటికే తొమ్మిది జవాబులున్నాయి. ఒకటి ఆ టీచరమ్మది: “నిదానంగానే పంపు పోలమ్మా, ఆగుతాం.”

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ మంచిదక్కా అని నన్ను అడుగుతుంటారు. నేను పేరు చెప్పను. క్లయింటు పనిచేసే చోటికి వెళ్లి, వాళ్ల ఫోన్లోనే, వాళ్ల చేతే ఒక ఫొటో మార్పించి చూడమంటాను. నేను ఎంచుకోవాల్సింది నాకు నచ్చినదాన్ని కాదని, నేను లేనప్పుడు వాళ్లు నడుపుకోగలిగినదాన్నని తెలుసుకోవడానికి నాకు ఒక సైటు ఖర్చయింది.

పోలమ్మ పిన్ని సైటు గురించి ఫోన్ చేసి చాలా నెలలైంది. మొన్న ఉండబట్టలేక నేనే చేశాను.

“పక్కూరు ఆడోళ్లొచ్చినారు. సైటెలాగ పెట్టాలో సెప్తన్నాను. మళ్లీ సెయ్యి పాపా” అని పెట్టేసింది.