ఏకాదశి మర్నాటి బియ్యం

మా బావగారు రాజమండ్రిలో నాలుగేళ్ళుండి, మనుషుల మనసులు చదవడం నేర్చుకుని ఇంటికొచ్చారు. కాలేజీ పరీక్ష మాత్రం రెండుసార్లు తప్పారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. పరీక్ష పెట్టిన దొరకి ఆయన తెలివి అందలేదని మా అత్తగారి నమ్మకం.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. అప్పటికింకా మావైపు రైలు రాలేదు, ఎక్కడికి వెళ్ళినా కాలవ మీద పడవే. రామచంద్రపురానికి పూటెడు ప్రయాణంలో ఉండే ఊరు మాది. మావారు కాకినాడ కచేరీలో గుమాస్తాగా ఉంటూ నెలకోసారి వచ్చేవారు. ఆడపడుచు మొగల్తూరులో అత్తవారింట ఉంది. తోటికోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో మిగిలింది మామగారు, అత్తగారు, బావగారు, నేను, వంట చేసే పిన్నిగారు. పిన్నిగారంటే చుట్టమేం కాదు. చిన్నతనంలోనే భర్త పోయిన బ్రాహ్మణి. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో వండుతోంది కాబట్టి ఇంటిల్లిపాదికీ పిన్నిగారైంది.

బావగారు తెచ్చుకున్న శాస్త్రం పేరు నాకు నోరు తిరగదు. అర్థం మాత్రం తెలుసు. భయం వేస్తే నాడి ఎంత జోరుగా కొట్టుకుంటుంది, దుఃఖం వస్తే కనుబొమలు ఎటు తిరుగుతాయి, ఆశ్చర్యపోతే నోరు ఎంత తెరుచుకుంటుంది, ఇవన్నీ చూసి పుస్తకంలో రాసుకోవాలి. అందుకు మనుషులు కావాలి. బయటివాళ్ళు పడనివ్వరు కాబట్టి ఇంట్లోవాళ్ళమే దొరికాం.

ఒకరోజు జీతగాణ్ణి పిలిచి, "ఒరేయ్, మన ఎర్ర ఎద్దు కాలవలో పడిపోయిందిరా" అని, వాడి మొహం చూద్దామని గడియారం పట్టుకు కూర్చున్నారు. వాడు మొహం చూపిస్తూ నిలబడతాడా? ఒక్క పరుగున కాలవకి పోయాడు. మొలలోతు నీళ్ళలో గట్టు పొడుగునా వెతికి, చివరికి కొట్టంలో ఎద్దుని చూసుకుని, "ఇక్కడే ఉందండి బాబూ, మేత మేత్తందండి" అని నవ్వుకుంటూ వచ్చాడు. బావగారికి ఒళ్ళు మండింది. ఆ నవ్వు ఆవేళ్టి పరీక్షలో లేదు.

ఇంకోరోజు అత్తగారి మణికట్టు పట్టుకుని, "మావయ్య వస్తున్న పడవ మునిగిందటమ్మా" అన్నారు. ఆవిడ గుండెలు బాదుకుంటుంటే ఈయన నాడి లెక్కపెట్టారు. తరువాత అబద్ధమని చెప్పి, సంతోషం వచ్చాక నాడి ఎలా ఉంటుందో చూడాలి, చెయ్యి మళ్ళీ ఇమ్మన్నారు. వేరే ఎవరైనా అయితే చీపురు తిరగేసేది. కొడుకు కాబట్టి చెయ్యి ఇచ్చింది.

నన్ను మాత్రం అప్పటిదాకా పరీక్షించలేదు. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడకూడదు, మాట్లాడకూడదు. ఆయన వసారాలోకొస్తే నేను వంటింటి తలుపు చాటుకి పోవాలి. ఇప్పుడు చెప్పినవన్నీ ఆ చాటున నిలబడి విన్నవే. మనసుల గురించి అంత పరిశోధన చేసిన మనిషి, ఇన్నాళ్ళుగా ఆ తలుపు వెనక ఒక మనిషి నిలబడి ఉందని ఏనాడూ రాసుకోలేదు.

తోటికోడలికి మగపిల్లాడు పుట్టాడు. బారసాలకి మా మామగారి తల్లి నాటి కాసులపేరు పంపాలని భోషాణం తెరిస్తే, అది లేదు. ఇల్లంతా తిరగేశారు. మామగారు ఊళ్ళో మంత్రగాడికి కబురు పెట్టమన్నారు. దొంగతనం జరిగితే మావైపు అదే వాడుక. మంత్రించిన బియ్యం అందరి చేతా నమిలించి ఉమ్మిస్తారు. దొంగ నోట్లో బియ్యం తడవదు.

బావగారు పగలబడి నవ్వారు. "మంత్రం వట్టి మూఢనమ్మకం నాన్నగారూ. బియ్యం మాత్రం శాస్త్రం. తప్పు చేసినవాడికి భయం. భయం వేస్తే నోట్లో తడి ఆరిపోతుంది. మంత్రగాడు అక్కర్లేదు, నేను చూస్తాను" అన్నారు. మంత్రగాడైతే తాంబూలం, కొబ్బరికాయ పుచ్చుకుని పోయేవాడు, ఇంత నమ్మకం ఉండేది కాదు వాడికి.

ఆరోజు ఏకాదశి. పిన్నిగారిని పిలిచి బియ్యం నమలమన్నారు.

"ఇవాళ గింజ నోట పెట్టను బాబూ. ఏకాదశి కదా. రేపు చూద్దురుగాని" అంది పిన్నిగారు.

"చూశారా, అప్పుడే వంక" అన్నారు బావగారు తండ్రితో. తరువాత తానే ఉదారంగా, "సరే, రేపు తెల్లవారగానే. ఎవరూ ఏమీ తినకముందు, తాగకముందు. అప్పుడే పరీక్ష శుద్ధంగా ఉంటుంది" అన్నారు.

తలుపు చాటున ఇదంతా వింటున్నాను. ఏకాదశినాడు పిన్నిగారు గింజే కాదు, మంచినీళ్ళు కూడా ముట్టదు. ద్వాదశినాడు స్నానం చేసి, తులసితీర్థం పుచ్చుకున్నాకే గొంతు తడుపుకుంటుంది. వంటింట్లో నాకు తెలుసు, అత్తగారికి తెలుసు. ఆవిడ చేతి కూడు ఇరవై ఏళ్ళుగా తింటున్న మగవాళ్ళకి తెలీదు. ఉపవాసమంటే ఇంత పండూ ఇన్ని పాలూ అని వాళ్ళ లెక్క, ఎందుకంటే వాళ్ళ ఉపవాసం అలాగే ఉంటుంది. అత్తగారు చెబుతారులే అనుకున్నాను. అత్తగారు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తెల్లవారింది. వసారాలో అరిటాకు ముక్కలు వరసగా పరిచారు. జీతగాడు నమిలి ఉమ్మాడు, తడిసింది. మామగారు కూడా పెద్దమనసుతో నమిలారు, తడిసింది. అత్తగారి నోట్లో కోడి కూయకముందే తాంబూలం పడాలి. ఏమీ తినొద్దన్నారని దాన్ని పెరట్లో ఉమ్మేసి వచ్చి కూర్చుంది. ఆవిడ బియ్యం ఎర్రటి ముద్దై ఆకు మీదికి జారింది. "అమ్మ మనసు ఎంత నిర్మలంగా ఉందో చూడండి" అన్నారు బావగారు, ఆ ముద్ద వైపు భక్తిగా చూస్తూ.

పిన్నిగారు నమిలింది. చాలాసేపు నమిలింది, పాపం. ఉమ్మితే పొడి పిండి రాలింది. రెండు గింజలు పెదవికే అంటుకున్నాయి.

"నాలిక అబద్ధమాడుతుంది నాన్నగారూ, నోట్లో తడి ఆడదు" అన్నారు బావగారు.

పిన్నిగారికి పొలం లేదు, పుట్ర లేదు, బిడ్డలు లేరు. ఉన్నదల్లా మంచి మనిషన్న పేరు. దొంగ అన్న మాట ఆ కాలవ వెంట ఒక్క ఊరు దాటితే చాలు, ఇంకే ఇంట్లోనూ ఆవిణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వరు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవడానికైనా ఒంట్లో నీళ్ళుండాలి కదా.

నాకెక్కడ లేని కోపం వచ్చింది. తలుపు తోసుకుని వసారాలోకి వచ్చేశాను. "ఆవిడ మొన్న రాత్రి నుంచీ మంచినీళ్ళు ముట్టలేదండి. నోరు ఎండక ఏం చేస్తుంది?" అన్నాను. ఆ ఇంట్లో మగవాళ్ళు నా గొంతు వినడం అదే మొదలు.

బావగారు నన్ను ఎగాదిగా చూశారు. మాటకి జవాబివ్వలేదు, మొహం చదివారు. "మొహం ఎర్రబడింది. చేతులు వణుకుతున్నాయి. ఇద్దరూ కలిసే చేశారు నాన్నగారూ. నువ్వూ నమలమ్మా" అన్నారు.

నమిలాను. కోపమో, భయమో, సిగ్గో, అన్నీ కలిసో తెలీదు, నా నోట్లోనూ చుక్క తడి లేదు. నా ఆకు మీదా పిండే పడింది.

మామగారు లేచి నిలబడ్డారు. "పడవ మాట్లాడండి. ఈ అమ్మాయిని పుట్టింట్లో దింపేసి రమ్మనండి" అన్నారు.

అప్పుడు తెరుచుకుంది మా అత్తగారి నోరు. "అయ్యో, కోడల్ని దొంగని చేసి పంపితే రేపు ఊళ్ళో తలెత్తుకుంటామటండీ? కాసులపేరు ఎవరూ తియ్యలేదు. మన పిల్ల మొగల్తూరు నుంచి వచ్చినప్పుడు నేనే ఇచ్చి పంపాను. మీరు తిడతారని చెప్పలేదు" అంది. పిన్నిగారు దొంగ అయినప్పుడు ఆవిడ మాట్లాడలేదు. ఇంటి పరువు పోయేటప్పటికి మాట్లాడింది.

అందరం బావగారి వైపు చూశాం. ఇప్పటికైనా సిగ్గుపడతారనుకున్నాను. ఆయన కాసేపు అత్తగారి ఆకు వైపు చూసి, మొహం విప్పార్చుకుని, "చూశారా! కూతురికి ఇచ్చుకోవడం తప్పు కాదని అమ్మ మనసులో అనుకుంది. అందుకే భయం వెయ్యలేదు, నోరు ఎండలేదు. సూత్రం ఎక్కడా తప్పలేదు!" అన్నారు. పుస్తకం కోసం లోపలికి వెళ్ళారు.

మామగారు గొంతు సవరించుకుని, "ఏదో పొరపాటు జరిగింది పిన్నిగారూ. మీరు పొయ్యి ముట్టించండి, పొద్దెక్కుతోంది" అన్నారు. అంతే ఆయన క్షమాపణ. పిన్నిగారు తన రెండు తెల్లపంచెలూ మూటకట్టుకుని వీధిలోకి నడిచింది.

నేను చెంబుడు మంచినీళ్ళలో తులసిదళం వేసి, పట్టుకుని వెనకాల పరుగెత్తాను. వీధి గుమ్మం దాటకూడదని అత్తగారు కేక వేశారు. ఆ పూట నాకు ఏ కేకా ఎక్కలేదు. నిజం చెప్పొద్దూ, నాకు లోపల గర్వంగా ఉంది. నాలాగ బావగారి ఎదుట నిలబడి అడిగిన కోడలు ఆ చుట్టుపక్కల లేదనుకున్నాను. పిన్నిగారు ఆ మాట అంటుందని కూడా అనుకున్నాను.

రేవులో ఆవిడ స్నానం చేసింది. సూర్యుడికి నీళ్ళు వదిలింది. అప్పుడు నా చెంబు అందుకుని, మెల్లగా, ఆగి ఆగి, చెంబుడు నీళ్ళూ తాగింది. ఎగువ ఊళ్ళకి వెళ్ళే పడవ ఒకటి రేవుకి ఆనింది.

"నేను నీళ్ళు ముట్టనని నీకు ఎప్పుడు తెలుసు తల్లీ?" అంది, చెంబు తిరిగిస్తూ.

"ఎప్పుడూ తెలుసండి."

"మరి నిన్ననే చెప్పకపోయావా?"

కోపంగా అడగలేదు. కూరలో ఉప్పు వేశావా అని అడిగినట్టు అడిగింది.

"భయమేసిందండి" అన్నాను.

"నాకూ వేసింది" అని, పిన్నిగారు పడవ ఎక్కింది.