పరీక్షల పేషెంటు

ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టే లింగస్వామికి గుండెలో ఒక వాల్వు సరిగా మూసుకోదు. అందుకని దగ్గర్లోని మెడికల్ కాలేజీవాళ్లు ఏటా విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్షలకు అతన్ని పిలిపించి మంచమ్మీద పడుకోబెడతారు. గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళతాడు. ఎగ్జామినరు అటు తిరగగానే, గుండీలు విప్పుతూ తడబడే పిల్లలకు జవాబు అందిస్తాడు.

"మైట్రల్ వాల్వు బిడ్డా, లీకైతుంది. జర ఎడమ చంకదిక్కు పెట్టి ఇను."

అలా గట్టెక్కినవాళ్లలో లిఖిత ఒకతె. మొన్న అతనికి నిజంగానే ఆయాసం ముంచుకొచ్చి దవాఖానకు వెళితే డ్యూటీ డాక్టరుగా ఆమే ఉంది. స్టెతస్కోపు ఛాతీకి ఆనించి, చాలాసేపు విని, అలవాటు కొద్దీ అతని మొహంలోకి చూసింది.

లింగస్వామి కంగారుగా మంచమ్మీద లేచి కూర్చున్నాడు.

"నా దిక్కు జూస్తవేంది బిడ్డా? గీసారి నువ్వే జెప్పాలె!"