వాగు దిగుడులో బావ సైకిల్

దెయ్యమనీ, గాలి సోకిందనీ ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ చిరాకే. మాది గొర్రెల కాపరుల ఇల్లు. ఊహ తెలిసినప్పటి నుంచీ మందతో పాటు బీళ్ళలో పడుకున్నవాణ్ణి. తోడేలుకు భయపడ్డాను, పాముకు భయపడ్డాను, ఆ రోజుల్లో ఖాకీ బట్టలకు మరీ భయపడ్డాను. దెయ్యాలకు భయపడే తీరిక మాకు ఉండేది కాదు. అందుకే మనవలు ఎంత అడిగినా ఈ సంగతి దాటవేస్తూ వచ్చాను. చెబితే ముసలాడికి మతి చలించిందంటారు. అంటే అననీ.

పోలీస్ యాక్షన్ తర్వాతి చలికాలం అది. మాది దేవరకొండ వైపు పల్లె. రజాకార్లు పోయారు, పీడ విరగడైందనుకున్నాం. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. వాళ్ళు పోయిన దారినే మిలట్రీ వచ్చింది. పక్క ఊళ్ళో దొర వదిలిపోయిన గడీలో క్యాంపు పెట్టి, కమ్యూనిస్టు దళాలకు అన్నం పెట్టినవాళ్ళనూ, పెట్టారని ఎవరైనా చాడీ చెప్పినవాళ్ళనూ పట్టుకుపోసాగింది.

మా అక్క మొగుణ్ణీ అట్లాగే పట్టుకుపోయారు. బావ సైకిల్ మీద గొంగళ్ళు కట్టుకుని సంతలు తిరిగి అమ్మేవాడు. గొంగళ్ళ మధ్యన దళానికి రొట్టెలు మోసేవాడు. అది నిజమే. మా ఇంట్లో అన్నం తింటున్నవాణ్ణి లేపి, చేతులు వెనక్కి కట్టి, వాగు దారిన నడిపించుకుపోయారు. సైకిల్ మా గోడకే ఆనించి ఉండిపోయింది.

ఆ సైకిల్ గురించి కొంచెం చెప్పాలి. పాలమూరులో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. దానికి ఫ్రీవీలు లేదు. అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు కూడా తిరుగుతూనే ఉంటాయి. కాళ్ళు ఊరికే ఉంచుదామంటే కుదరదు. బ్రేకులూ లేవు. ఆపాలంటే వెనక నుంచి పైకి లేచే పెడల్‌ను పాదంతో అదిమిపెట్టాలి. మేమైతే రెండు కాళ్ళతో అదిమేవాళ్ళం. బావకు ఒకప్పుడు పొట్టేలు కుమ్మి ఎడమ మడమ విరిగింది. అది సరిగా అతకలేదు, ఆ పాదంలో సత్తువ లేదు. కుడికాలితోనే అదిమేవాడు. కాబట్టి బావ సైకిల్ ఆపితే చుట్టుకొక్క కుదుపు చొప్పున కుదుపుతూ ఆగేది. వెనక కూర్చున్నవాడికి నడుము విరిగేది. కళ్ళు మూసుకుని కూర్చున్నా, తొక్కేది బావేనని చెప్పగలిగేవాణ్ణి.

బావ ఉన్నాడో లేడో ఎవరూ చెప్పలేదు. కులపెద్దలు వచ్చి, దినాలు చేసేయమన్నారు. ఎన్నాళ్ళని ఇట్లా మైల ఇంట్లో పెట్టుకుంటారన్నారు. అక్క ఒక్కటే మాట.

"శవాన్ని సూడందే గాజులు తియ్య."

తీయకపోగా రోజూ తెల్లారకముందే లేచి జొన్నరొట్టెలు చేసి, గుడ్డలో మూటకట్టి నా చేతికిచ్చేది. ఆ సైకిల్ మీద నేను క్యాంపుకు పోయేవాణ్ణి. గేటు దగ్గరి సిపాయి మూట తీసుకుని లోపలికి పోయి, ఖాళీ గుడ్డ తెచ్చి ఇచ్చేవాడు. మన భాష రాదు. బావ పేరు చెబితే తలూపేవాడు. నా పేరు చెప్పినా ఊపేవాడేమో. అక్క మాత్రం ఆ గుడ్డ దులిపి చూసుకుని, "గుడ్డ ఉత్తగ వచ్చిందంటే తింటున్నడన్నట్టే గద తమ్మీ" అనేది. మర్నాడు నేను మళ్ళీ మూట పట్టుకుని పోయేవాణ్ణి.

మా ఊరి నుంచి క్యాంపుకు పోయే దారిలో వాగులోకి ఒక దిగుడు ఉంది. ఆ పొద్దు ఒళ్ళు కొరికే చలి. హ్యాండిల్ పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. దిగుడు రాగానే అందరిలాగే పెడళ్ళ మీంచి కాళ్ళు తీసి చాపేశాను. పెడళ్ళు వాటంతట అవి గిరగిర తిరుగుతున్నాయి. సగం దిగాక ఒక కుదుపు. చుట్టు తిరిగాక మరొకటి. మళ్ళీ ఇంకొకటి. తంగెడు పొదల దగ్గర సైకిల్ ఆగిపోయింది.

గొంగడి అంచు గొలుసులో పడి ఉంటుందనుకుని దిగి చూశాను. పడలేదు. మర్నాడు గొంగడి ఇంట్లోనే వదిలేసి, పళ్ళు టకటకలాడుతూ పోయాను. అదే చోట అట్లాగే ఆగింది. చలికి ఇరుసులో గ్రీజు బిగుసుకుందేమోనని చక్రాలు ఊడదీసి, తుడిచి, ఆముదం పోశాను. వేరే దిగుళ్ళలో తొక్కి చూశాను. వదిలిన గొర్రెపిల్లలా ఉరికింది. వాగు దిగుడులో మాత్రం మళ్ళీ ఆగింది. నా కాళ్ళు గాలిలోనే ఉన్నాయి. కుదుపు కుడి పెడల్ లేచినప్పుడే వస్తోంది. బావ ఆపేదీ అట్లాగే.

అక్కకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మర్నాడు రొట్టెల మూట పట్టుకుని నాతో నడిచి వచ్చింది. దిగుడు పైన నిలబడి, "ఎక్కకు. ఉత్త సైకిలే ఇడిసిపెట్టు" అంది.

సైకిల్‌ను నిలబెట్టి కిందికి ఒక తోపు తోశాను. మనిషి లేని సైకిల్ నాలుగు బారలు పోయి పక్కకు పడాలి. ఎవరిదైనా అంతే. అది తిన్నగా పోయింది. కుదిపింది, మళ్ళీ కుదిపింది, నెమ్మదించి తంగెడు పొదల దగ్గర ఆగింది. ఆగి, పడకుండా నిలబడింది. ఊపిరి తీసి వదిలినంతసేపు అట్లాగే నిలబడి, ఆ తర్వాత కుడివైపుకు ఒరిగింది. ఎడమ మడమ మీద బరువు ఆనలేక బావ దిగేదీ ఆ వైపే.

అక్క అక్కడికి పోయి కూర్చుంది. రాయి తీసుకుని రెండు చేతుల గాజులూ పగలగొట్టుకుంది. కొంగుతో బొట్టు తుడుచుకుంది.

"ఇగ రొట్టెలు చెయ్య తమ్మీ. ఆయన గీడనే ఉన్నడు. నాకు సూపెట్టిండు."

ఆ పూట మూటను క్యాంపుకు తీసుకుపోలేదు. పొదల దగ్గరే పెట్టి వచ్చాం. చంపి అక్కడే పూడ్చారేమో తవ్వి చూద్దామంటే వీల్లేదు. లారీలు రాకుండా దళాలు రోడ్లు తవ్వుతున్న రోజులవి. దారి పక్కన గడ్డపారతో కనిపిస్తే మిలట్రీ అడగడమూ ఉండదు, వినడమూ ఉండదు, కాల్చడమే. పెద్దలు చెప్పినట్టు దినాలు చేశాం. ఆ తర్వాత ఆ దిగుడులో సైకిల్ మళ్ళీ ఎన్నడూ ఆగలేదు.

క్యాంపు ఎత్తేశాక గడ్డపారలు పట్టుకుని పోయాం. నడుము లోతు తవ్వాం. పొదల కింద తవ్వాం, చుట్టూ తవ్వాం. మొరం, దాని కింద బండ. ఎముక లేదు, గుడ్డపీలిక లేదు. ఆ నేల అంతకుముందు ఎవరూ తవ్విన నేల కాదు. మట్టి పని తెలిసినవాణ్ణి, ఆ మాత్రం చెప్పగలను.

జైళ్ళ నుంచి తిరిగి వచ్చినవాళ్ళను అడిగాను. బావను చంపారని ఎవరూ చెప్పలేదు. చూశామనీ చెప్పలేదు. గడీ లోపలి గదుల్లో ఎవరు ఉన్నారో తమకు తెలియదన్నారు. అక్కడి నుంచి రాత్రిళ్ళు దగ్గు వినిపించేదని ఒకాయన అన్నాడు.

సైకిల్ ఎందుకు ఆగిందో నాకు తెలియదు. కళ్ళారా చూశాను, కాళ్ళకు తెలిసింది, అంతవరకే. బావ చనిపోయి ఆపాడనుకుందామంటే ఆ గుంత ఉత్తదే. నా భ్రమ అనుకుందామంటే అక్క కూడా చూసింది. ఆలోచించినకొద్దీ బుర్ర వేడెక్కడం తప్ప ఒరిగింది లేదు.

గుంత తవ్విన రోజున అక్క గట్టు మీద నిలబడి, ఆ ఉత్త బండను చాలాసేపు చూసింది. బోసి మణికట్టును రెండో చేత్తో రుద్దుకుంటూ ఉంది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"గీడ లేకుంటే, ఆ గడీలనే ఉండెనేమో తమ్మీ. నేను రొట్టెలు బందువెట్టిన గద."

అక్క పోయి ఏళ్ళయింది.