ఇంగ్లాండు సంతలో నేతవాళ్లు

కరోనా తగ్గుముఖం పట్టాక సూరత్ నుంచి ఇంగ్లాండులోని కూతురింటికి వెళ్లాను. అదొక పాతకాలపు సంత ఊరు. సంతకు తీసుకెళ్తూ అల్లుడు, “మామా, ఎవరన్న అడిగితే బట్టల వ్యాపారమని చెప్పుండ్రి. మగ్గం ముచ్చట ఎత్తకుండ్రి” అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఉన్ని దుప్పట్లు అమ్మే ముసలామె మాస్కు వెనక నుంచే నేనేం పని చేస్తానని అడిగింది. “సూరత్‌ల పవర్‌లూమ్ నడిపిన, నేతోన్ని. ఉన్నదున్నట్టు చెప్పు అల్లుడా” అన్నాను. చెప్పాడు.

ఆమె ఇంటిపేరుకు అర్థం కూడా నేతగాడేనట. ఊరి నడుమ పెద్ద చర్చిని కట్టించింది నేత సొమ్మేనట. తెల్లవాళ్లలోనూ చేసే పనే ఇంటిపేరవుతుందని నాకప్పుడే తెలిసింది.

ఆమె పక్క దుకాణాల వాళ్లను కేకేసి పిలిచింది. “ఏమంటుంది?” అన్నాను.

“మా నేతోళ్ల మనిషి వచ్చిండని చెప్తుంది మామా” అన్నాడు అల్లుడు మెల్లగా.

“జర గట్టిగ చెప్పు” అన్నాను.