‘యాడ’ను దిద్దని రోజులు

నా కోడలు కస్తూరి మెడ మీద బిళ్ళ కట్టిందని మొదట చూసింది నేనే. పట్టించుకోనిది కూడా నేనే.

ఆ సాయంత్రం జడ వేయమని నా ముందు కూర్చుంది. పాయలు తీస్తుంటే చెవి కింద వేలికి గట్టిగా తగిలింది.

“ఏవిటే ఇది?” అన్నాను.

“ఏందో అత్తా, కొన్నాళ్ళుగా ఉంది. నొప్పి లే. సాయంత్రమైతే సుమ్మా, ఊరికే జ్వరం మాదిరి వస్తుంది.”

“ముందు ‘ఏమిటో’ అనడం నేర్చుకో. జ్వరం సంగతి తర్వాత చూద్దాం.”

అది నవ్వింది. నేనూ నవ్వాను. నేనన్న ఆ మాట ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు.

ఇది ఎనభైల చివరి నాటి సంగతి. మా అబ్బాయి మూర్తికి ఉద్యోగం పాండిచ్చేరిలో వస్తే యానాం నుంచి వాడితో వచ్చి సారం అనే పేటలో కాపురం పెట్టాం. కస్తూరి వాళ్ళు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే, కానీ అందులో సగం అరవం. పిల్ల బంగారమే. నాకే నోటి దురద. అది ‘యాడ’ అంటే ‘ఎక్కడ’ అని దిద్దేదాన్ని. ‘అత్తా’ అంటే ‘అత్తయ్యా అనలేవుటే’ అనేదాన్ని. చుట్టాల ముందు దాని మాట అనుకరించి నవ్వించేదాన్ని కూడా. ఒకసారి అది వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం చూశాను. చూసీ ఊరుకున్నాను.

బిళ్ళ పెరిగింది. రాత్రిళ్ళు చెమటకి తలగడ తడిసిపోయేది. జాకెట్లు వదులయ్యాయి. అప్పుడు కదిలాం ఆస్పత్రికి. రక్త పరీక్షలు, ఎక్స్‌రే, ఆ బిళ్ళలోంచి ముక్క తీసి బయాప్సీ. డాక్టరమ్మ తమిళావిడ. మూర్తితో ఇంగ్లీషులో చెప్పింది, వాడు నాకు తెలుగులో చెప్పాడు.

“లింఫోమా అటమ్మా. క్యాన్సరే. కానీ మందుకి బాగా లొంగే రకమేనట. భయపడొద్దంది.”

కీమోథెరపీ మొదలైంది. ఇంజెక్షన్ పడ్డ రోజు మంచినీళ్ళు కూడా కడుపులో నిలిచేవి కావు. నేను జడ వేసిన జుట్టంతా దువ్వెనకి వచ్చేసింది. అయినా బిళ్ళ కరుగుతుంటే ధైర్యంగానే ఉన్నాం. తర్వాత అది మళ్ళీ గట్టిపడింది. ఆ రోజు మూర్తి ఒక్కడే వెళ్ళి డాక్టరమ్మని కలిసి వచ్చాడు.

“ఏమందిరా?”

“కణాలకి స్ట్రెస్ కలిగితే జబ్బు మొండికేస్తుందిట. మందు మారుస్తారుట.”

“స్ట్రెస్ అంటే?”

“ఒత్తిడమ్మా. కష్టం పెట్టడం” అని చొక్కా విప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

కణాలన్న మాట నా బుర్రకెక్కలేదు. కష్టం పెట్టడం ఎక్కింది. ఇంట్లో ఉండేది ముగ్గురం. ఆ పిల్లని కష్టపెట్టింది ఎవరో వెతుక్కోనక్కర్లేదు. వంటింట్లో కళ్ళు తుడుచుకున్న కస్తూరే కనిపించింది. పిల్లని నా నోటితోనే చంపుకుంటున్నాననుకున్నాను.

మర్నాటి నుంచి నోటికి తాళం వేసుకున్నాను. “కాఫీ యాడ అత్తా?” అంటే “ఇదిగో తల్లీ” అన్నాను. పాలు పొంగబెట్టి పొయ్యంతా పాడుచేస్తే, నేనే తుడిచి “పోనీలేమ్మా” అన్నాను. నేను మారానని అది సంతోషిస్తుందనుకున్నాను. అదేమో నా ముఖంలోకే చూస్తూ కూర్చునేది, అన్నం మెతుకు ముట్టేది కాదు.

కొత్త మందు మొదలుపెట్టాల్సిన రోజు వచ్చింది. మూర్తి రిక్షా కోసం వెళ్ళాడు. కస్తూరి మంచం దిగలేదు.

“నేను రాను అత్తా. పోయేదానికి సూదులెందుకు?”

“ఎవరే పోయేది?”

“నాకు చెప్పకపోతే తెలీదా? ‘యాడ’ అంటే నువ్వు దిద్దడం లే. పాలు పొంగిపోయినా ఒక మాట అనలా. పోయేవాళ్ళనే గదా అట్ట చూసుకుంటారు.”

నా వల్ల కాలేదు. దాని కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. “నా మాటల వల్లేనే నీ జబ్బు ముదిరింది. స్ట్రెస్ అని డాక్టరమ్మే అందిట” అన్నాను. అది బోడి తలకి గుడ్డ చుట్టుకుని లేచింది.

“పద. అడుగుదాం. సూది సంగతి దాని తర్వాత.”

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని తమిళంలో నిదానంగా చెప్పింది. ఒక్కో మాటా కస్తూరి నాకు తెలుగులో చెప్పింది.

“స్ట్రెస్ నాది కాదంట అత్తా, కణానిదంట. కణంలో పొయ్యి మాదిరి ఒకటి ఉంటుందంట, మైటోకాండ్రియా అని. వేడి తగిలినా, మందు పడినా, ఊపిరి అందకపోయినా కణానికి కష్టం. దాన్నే వీళ్ళు స్ట్రెస్ అనేది. అప్పుడు కణం తన్ను కాపాడుకునేదానికి కొన్ని ప్రోటీన్లు చేసుకుంటుందంట. ఆ పొయ్యి ఆరకుండా చూసుకునేటివి కూడా ఉంటాయంట. మంచి కణం చేసేదే, క్యాన్సర్ కణమూ చేస్తుంది. నాలో ఉండేది ఆ పని రొంబ బాగా నేర్చుకుని ఉంటుందంట. అందుకే మందు మార్చేది.”

“అది ఖాయమేనా అని అడుగు.”

“ఖాయం లేదంట. ఇంకా రీసెర్చ్ చేస్తా ఉండారంట. కానీ అత్త తిట్టినందుకు ఈ జబ్బు వచ్చేది లేదు, ముదిరేది లేదు, అది మాత్రం ఖాయమంట.”

నేను ఎన్నాళ్ళో ఎగతాళి చేసిన ఆ తెలుగే నా ప్రాణం నిలబెట్టింది. ఆ రోజే కొత్త మందు ఎక్కించారు. వాంతులు, జ్వరం, ఒకసారి రక్తకణాలు పడిపోయి ఇంజెక్షన్ వాయిదా, అన్నీ పడ్డాం. చివరికి బిళ్ళ కరిగింది, మళ్ళీ రాలేదు. జుట్టు మళ్ళీ వచ్చి భుజాలు దాటింది. ఇప్పటికీ జడ నేనే వేస్తాను, నా వేలు దానంతటదే చెవి కిందకి వెళ్తుంది.

జబ్బు విషయంలో నా తప్పు లేదని డాక్టరమ్మ అంది. ఏడిపించిన రోజుల సంగతి ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. అది జ్వరమంటే పట్టించుకోకపోవడం మాత్రం ఎవరి కణాల మీదా తొయ్యలేను.

ఇంట్లో ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ళకి ఒక్కటే చెప్తాను. డాక్టరు వాడిన మాట అర్థం కాకపోతే ఇంకొకరి నోట విని ఊరుకోకండి. మీరే వెళ్ళి, మీకు తెలిసిన భాషలో అర్థమయ్యేదాకా అడగండి.

ఏడాదికోసారి చెకప్‌కి వెళ్తాం. డాక్టరమ్మ బాగుందనే అంటుంది. అయినా కస్తూరికి ఆ మాట చాలదు. బయటికి రాగానే, చెప్పులు చేతిలోనే పెట్టుకుని, “చెప్పులు యాడ పెట్టినాను అత్తా?” అని నా ముఖంలోకి చూస్తుంది. దిద్దాలంటే నాకు సిగ్గుగా ఉంటుంది. దిద్దకపోతే ఆ పిల్ల కళ్ళలో భయం కనిపిస్తుంది.

“‘ఎక్కడ’ అనాలే” అంటాను. అప్పుడు చెప్పులు వేసుకుంటుంది.