చప్పుడైతే ఔట్

1986 జూన్‌లో నన్ను ఎల్లారెడ్డిలో ఒక బాలికల హైస్కూలుకు పీఈటీగా, అంటే వ్యాయామోపాధ్యాయుడిగా వేశారు. హోదాలో టీచర్లందరి కంటే ఆఖరువాణ్ణి. స్టాఫ్ రూంలో నా కుర్చీకి చేతులు కూడా లేవు. అయితేనేం, బడి వెనక మొరం పరిచిన బాస్కెట్‌బాల్ కోర్టు ఒకటుంది, రెండు బోర్డులు, వాటికి రెండు రింగులు. చూడగానే నాకు పట్టరాని సంతోషం కలిగింది.

మొరం మీద పిల్లలకు దెబ్బలు తగిలేది ఎక్కువగా గెంతి దిగేటప్పుడు. మోకాలు బిగబట్టి ఒంటికాలి మీద దిగితే చీలమండ మడతపడుతుంది. ఈ సంగతి శ్రద్ధగా ఉపన్యసిస్తే అమ్మాయిలు శ్రద్ధగా ఆవులించారు. అప్పుడు రింగు కింద సున్నంతో తొక్కుడుబిళ్ల గళ్లు గీశాను. షరతు ఒకటే పెట్టాను: మోకాళ్లు వంచి మెత్తగా దిగాలి, పాదం చప్పుడు వినబడితే ఔట్. ఇక చూడాలి సందడి! ఒకళ్ల పాదాల దగ్గర ఇంకొకళ్లు చెవి ఒగ్గి కూర్చునేవాళ్లు. ఇదేం డ్రిల్లయ్యా అంటూ వచ్చిన హెడ్మాస్టరు గారు కూడా పంచె ఎగ్గట్టి ఒక గెంతు గెంతారు. ఆ చప్పుడుకు పక్క క్లాసు కిటికీలు తెరుచుకున్నాయి. పిల్లలు ఆయన్ను ఔట్ చేశారు, ఆయన ఒప్పుకోలేదు, చాలాసేపు వాదించారు.

మిగతావన్నీ మామూలు జాగ్రత్తలే. ఆటకు ముందు అందరం కలిసి గులకరాళ్లు ఏరాలి, ఎండ తగ్గాకే బంతి పట్టాలి, మధ్యమధ్య నీళ్లు తాగాలి. కోర్టులో ఆడేది ఐదుగురే అయినా జట్టులో ఉన్న పదిమందీ ప్రతి మ్యాచ్‌లో కాసేపైనా దిగాలి.

జట్టుకు ప్రాణం తొమ్మిదో తరగతి రజియా. వాళ్ల నాన్న యూసుఫ్ భాయ్‌కి బస్టాండు దగ్గర సైకిలు షాపుండేది. కుర్రతనంలో కబడ్డీ ఆడుతూ మోకాలు పోగొట్టుకున్నాడు, కుంటుతూ నడిచేవాడు. కూతుర్ని ఆటకు పంపమని అడిగితే మొదట ససేమిరా అన్నాడు. మూడోసారి వెళ్తే చాయ్ తాగించి, షరతు మీద ఒప్పుకున్నాడు. "బిడ్డ ఎట్ల వోయిందో గట్లనే ఇంటికి రావాలె సార్. కాలు నొస్తుందంటే ఆడియ్యొద్దు. ఆడిచ్చిండ్రో, ఆ దినంతోని ఆట బంద్." నేను మాటిచ్చాను.

ఆ ఏడు డివిజన్ పోటీలు కామారెడ్డిలో జరిగాయి. మా పిల్లలు ఫైనలుకు వచ్చారు! అవతలిది ఆ ఊరి జట్టే, చూసేవాళ్లంతా వాళ్లవైపే. మావైపు ఒకే ఒక్క గొంతు వినిపిస్తోంది. తిరిగి చూస్తే యూసుఫ్ భాయ్. షాపు మూసి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాడు. కూతురు బుట్టలో బంతి వేసినప్పుడల్లా పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషిని కావలించుకుంటున్నాడు.

ఆట ముగింపుకు వచ్చింది, మేము ఒక్క పాయింటు వెనక ఉన్నాం. రజియా ఎగిరి బంతి అందుకుని, దిగడం దిగడం అవతలి అమ్మాయి పాదం మీద దిగింది. చీలమండ మడతపడి కూలబడింది. లేచి నవ్వుతూ, ఏం కాలేదు సార్ అంది. నేను టైమౌట్ అడిగి ఆమెను గీత బయటికి పిలిచాను, ఆ కాలి మీద మూడు గెంతులు వేయమన్నాను. రెండు బాగానే పడ్డాయి. మూడోది టప్పుమంది. వెంటనే బెంచీ మీదున్న సుజాతను స్కోరర్ బల్ల దగ్గరికి పంపాను. ఆటగత్తెను మార్చాలంటే ముందు అక్కడ చెప్పుకోవాలి.

ఇంతలో యూసుఫ్ భాయ్ కుంటుకుంటూ గీత దగ్గరికి వచ్చేశాడు.

"బిడ్డ మంచిగనే ఉన్నది సార్, దింపుండ్రి."

మీ మాటే నిలబెడుతున్నాను భాయ్ అన్నాను.

"ఆ మాట ఎల్లారెడ్డిల చెప్పిన. ఇది కామారెడ్డి!"

నవ్వాలో కోప్పడాలో నాకు తెలియలేదు. ఆటకే పంపనన్న మనిషికి ఇంత ఆవేశం ఎక్కడిదో! నాతో లాభం లేదని కూతురివైపు తిరిగి, నువ్వే నడువు అన్నాడు. తండ్రే పొమ్మంటే పిల్ల ఆగుతుందా? రజియా బెంచీ మీద కూర్చుని, నాకూ తెలియాలనేమో తండ్రితో ఉర్దూలో కాక తెలుగులోనే చెప్పింది.

"చప్పుడైంది అబ్బా. నేను ఔట్."

ఆయన కుంటుకుంటూ వెనక్కి నడిచాడు.

సుజాతకు ఒక జబ్బుండేది, బంతి చేతికొస్తే నవ్వొస్తుంది. ఆఖరి క్షణాల్లో బంతి ఆమెకే వచ్చింది. పకపకా నవ్వుతూ పరుగెత్తింది, అడ్డొచ్చిన అమ్మాయికీ నవ్వొచ్చింది, ఇద్దరూ నవ్వుతూనే ఎగిరారు. బంతి రింగు చుట్టూ తిరిగి తిరిగి బయటికి పడింది. ఓడిపోయాం. మా పదిమందీ అవతలి పదిమందితో కలిసి కింద కూర్చుని మరీ నవ్వారు. నేనూ నవ్వాను, ఒక పాయింటు తేడాతో ఓడిన కోచ్ నవ్వకూడదని తెలిసీ.

సోడా షాపులో ఐసు కొని తువ్వాలులో చుట్టి చీలమండకు కట్టాను. బస్సులో యూసుఫ్ భాయ్ కూతురి కాలు తన ఒళ్లో పెట్టుకుని, ఆ తువ్వాలు జారకుండా పట్టుకుని, ఎల్లారెడ్డి దాకా నన్ను తిట్టాడు. గెలిచే మ్యాచ్ పోగొట్టానట. సోమవారం సాయంత్రం ఆరో తరగతి చదివే చిన్న కూతుర్ని కోర్టు దగ్గరికి తెచ్చి, దీనికి గూడ దిగుడు నేర్పుండ్రి అని, నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు. రజియా వాపు పూర్తిగా తగ్గాకే మళ్లీ బంతి పట్టింది, పదో తరగతి అయ్యేదాకా ఆడింది.

జాగ్రత్తను ఆటగా నేర్పితే పిల్లలు దాన్ని తమదిగానే పాటిస్తారని ఆ మ్యాచ్‌లో తెలుసుకున్నాను. పెద్దవాళ్ల మీద మాత్రం ఆ నమ్మకం పెట్టుకోలేదు. ఆ తర్వాత సర్వీసంతా ఏ పోటీకి వెళ్లినా, ముందు తల్లిదండ్రుల కుర్చీలు గీతకు దూరంగా జరిపించి, తర్వాతే పిల్లలను వార్మప్‌కు పిలిచేవాణ్ణి.