డ్రైవు నడిచిన మధ్యాహ్నం

విశాఖపట్నంలో, మే నెలలో, మిట్టమధ్యాహ్నం వేళ ఒక మనిషిని చలికి గజగజ వణికించిన ఘనుణ్ణి నేను. ఆ మనిషి మా ఆఫీసరు కావడం ఆయన ఖర్మ. ఆ వణుకు నా ఉద్యోగానికే ఎసరు పెట్టడం నా ఖర్మ. నవ్వకండి, పూర్తిగా విన్నాక నవ్వుదురు గాని.

తొంభైల మొదట్లో సంగతి. ఏ ఓడలో ఏ సరుకు వస్తోందో జాబితాలు తయారుచేసే ఒక ఆఫీసులో, పోర్టు దగ్గర, కంప్యూటరు మరమ్మతుకి చేరాను. కంప్యూటరంటే ఇప్పటిలా ఒళ్ళో పెట్టుకునేది కాదు. మినీ కంప్యూటరు. పేరుకే మినీ, గది నిండా ఉండేది. ఎవరో వాడి వదిలేసినదాన్ని మావాళ్ళు కొనుక్కొచ్చారు. దాని డిస్కు డ్రైవు ఒక్కటే నా నడుమెత్తు, అచ్చం బట్టలుతికే మిషనే. లోపల పళ్ళేల దొంతర గిర్రున తిరుగుతుంటే, వాటిని తాకీ తాకకుండా హెడ్లు ముందుకీ వెనక్కీ పరిగెడుతూ చదువుతాయి. హెడ్డు తాకిందా, పళ్ళెం గీసుకుపోయి రాసిందంతా గోవిందా.

ఈ ఒక్క ముక్క పట్టుకుని ఆఫీసునంతా బెదిరించాను. గదిలో రెండు నోటీసులు అంటించాను. ఒకటి: "డ్రైవును ఎవరూ ముట్టుకోరాదు." రెండోది: "ఏసీని ఎవరూ ఆపరాదు." రెండింటి కిందా సంతకం మా ఆఫీసరు సత్తిరాజు గారిది. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చినాయన. పెద్ద మనసు, పెద్ద బొజ్జ, కంప్యూటరంటే మరీ పెద్ద భయం.

నా ఆర్నెల్ల ప్రొబేషను రెండు రోజుల్లో ముగుస్తుందనగా డ్రైవు మొరాయించింది.

"చూడబ్బాయ్," అన్నారు సత్తిరాజు గారు. "నిన్ను పర్మనెంటు చేసే కాయితం నా బల్ల మీదుంది. ఎల్లుండి సాయంత్రం టపాలో హెడ్డాఫీసుకి వెళ్ళాలి. డ్రైవు బాగైతే సంతకం పెడతాను. లేకపోతే ఇంకో ఉద్యోగం చూసుకో."

గోపాలపట్నంలో మా అమ్మ అప్పటికే నేను పర్మనెంటని వీధంతా టముకు వేసేసింది. ఇక బాగుచెయ్యకుండా ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్ళను?

డ్రైవును గోడ దగ్గర్నుంచి లాగడానికి కిందున్న కాళ్ళ మరలు పైకి తిప్పి, చక్రాల మీద నిలబెట్టాను. హెడ్లన్నీ స్పిరిట్టుతో తుడిచాను. ఒక హెడ్డు వెంట్రుకవాసి పక్కకి జరిగిందని పట్టేశాను. రెండు రోజులు మర తిప్పీ తిప్పీ దాన్ని దారిలో పెట్టాను. మూడో రోజు మధ్యాహ్నానికి డ్రైవు బుద్ధిగా చదివింది. ఇక మిగిలింది ఆఖరి పరీక్ష. హెడ్లను గంటసేపు ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తించే ప్రోగ్రాము ఒకటుంది. అది పెట్టేసి, ప్రింటరు ఆపరేటరు డేవిడుతో క్యాంటీనుకి బయల్దేరాను.

"బావా, దాన్ని ఒగ్గేసి వచ్చేసినావేటి?" అన్నాడు డేవిడు.

"దానికేటౌద్ది? నాను సూసే వచ్చినాను. నువ్వు తిను."

కాళ్ళ మరలు మళ్ళీ దించడం నేను మరిచిపోయానని మీకు ఈపాటికే తెలిసిపోయింది. నాకే తెలీదు. హెడ్లు అటూ ఇటూ పరిగెత్తిన కొద్దీ ఆ కుదుపుకి మిషను మొత్తం కదులుతుంది. కాళ్ళు లేవు, చక్రాలున్నాయి. నేనొకటి తలిస్తే డ్రైవొకటి తలిచింది.

తిరిగొచ్చి తలుపు తోస్తే రాలేదు. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే డ్రైవు గదంతా దాటి తలుపు దగ్గరికొచ్చి నిలబడి ఉంది. ఇటు తలుపు, అటు ఇనప బీరువా, మధ్యలో అది. ఇద్దరం కలిసి తోసినా తలుపు అంగుళం జరగలేదు. అప్పుడు లోపల్నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవరయ్యా అక్కడ?"

సత్తిరాజు గారు! ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. రోజూ భోజనమయ్యాక ఆయన కాయితాల పెట్టెల వెనక చాప వేసుకుని ఓ కునుకు తీస్తారని అప్పటిదాకా నాకు తెలీదు.

"అబ్బాయ్, లేచి చూసేసరికి ఇది దారికి అడ్డంగా ఉందేంటయ్యా? ఎముకలు కొరికేస్తోంది చలి. ఏసీ ఆపనా?"

"వద్దు సార్! వేడెక్కితే హెడ్డు మళ్ళీ జరిగిపోద్ది."

"పోనీ దీన్ని నెట్టనా?"

"అస్సలు ముట్టుకోకండి సార్! తిరుగుతుండగా కదిపితే పళ్ళేలు పోతాయి. నోటీసు చూడండి."

"చూశానయ్యా. సంతకం నాదే."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఇక్కడ నేను తీసిన గోతిలో మా ఆఫీసరు గారు పడ్డారు, అదీ సొంత సంతకంతో.

"మెయిను ఆపేద్దుమా బావా?" అన్నాడు డేవిడు.

"ఉన్నపళంగా కరెంటు పోతే మిషనూ పోద్ది, నా ఉద్యోగమూ పోద్ది. ఊరుకో."

ఇంకో నలుగురిని పిలిచి తోయించాను. తలుపు కిర్రుమంది గాని రాలేదు. అద్దంలోంచి చూస్తే సత్తిరాజు గారు ప్రింటరు కాయితం మడతలు విప్పి శాలువాలా చుట్టుకుని కూర్చున్నారు. గంటన్నర గడిచింది. టపా వెళ్ళే వేళ దగ్గరపడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి డేవిడు పరిగెత్తుకెళ్ళి కళాసీల మేస్త్రి అప్పలసామిని పట్టుకొచ్చాడు. ఓడల్లో ఏనుగంత పెట్టెల్ని జరిపించే మనిషి. అద్దంలోంచి ఒక్క చూపు చూశాడు.

"ఏటి బాబూ, ముందుకి తోత్తన్నారేటి? ఎనకాల బీరువా ఉంది గదా. కింద సెక్రాలున్నాయి. సారుని పక్కకి నెట్టమనండి, పోద్ది."

"దాన్ని కదపకూడదు మేస్త్రీ. తిరుగుతుండగా కదిపితే పాడైపోద్ది."

అప్పలసామి నా వైపు జాలిగా చూశాడు.

"మరి ఆడి నుంచి ఈడి దాకా నడిసొచ్చినప్పుడు పాడవనేదేటి బాబూ?"

డేవిడు గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. నాకు భూమి చీలితే బావుణ్ణనిపించింది.

"సార్," అన్నాను నీళ్ళు నములుతూ. "నెట్టండి."

ఆయన ఒంటి చేత్తో నెట్టారు. చంటిపిల్లల తోపుడుబండిలా డ్రైవు పక్కకి తప్పుకుంది. తలుపు తెరుచుకుంది.

నేను సత్తిరాజు గారి దగ్గరికి కాదు, డ్రైవు దగ్గరికి పరిగెత్తాను. అంత దూరం నడిచొచ్చి కూడా ఒక్క తప్పూ లేకుండా చదువుతోంది!

"బా... బా... బాగైందా?" అన్నారాయన, పళ్ళు టకటకమంటుంటే.

"బాగైంది సార్!"

మాట మీద నిలబడే మనిషి. కాయితం శాలువాతోనే తన గదికెళ్ళి, టపావాడు గుమ్మంలో నిలబడి ఉండగా, వణికే చేత్తో నా కాయితం మీద సంతకం పెట్టేశారు. ఆ రాత్రి మా వీధంతా మిఠాయి పంచాం.

వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి జవాబొచ్చింది. "ఈ సంతకం తమరి సంతకంతో పోలడం లేదు. కారణం రాసి పంపగలరు. లేనియెడల ప్రొబేషను మరో ఆరు నెలలు పొడిగించబడును."

"కారణం రాసెయ్యండి సార్," అని బతిమాలాను.

"ఏం రాయమంటావయ్యా? డ్యూటీలో చాపేసుకుని పడుకున్నాను, చలికి చెయ్యి వణికిందని రాయనా?" సత్తిరాజు గారు నా భుజం తట్టారు. "ఆర్నెల్లేగా అబ్బాయ్, ఇట్టే గడిచిపోతాయి."

ఆ సాయంత్రమే గదిలో మూడో నోటీసు వెలిసింది. "అవసరమైనచో డ్రైవును పక్కకు నెట్టవచ్చును." దాని కింద సంతకం మాత్రం ముత్యాల్లా ఉంది.

కాబట్టి సింహాద్రి అప్పన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చక్రాలున్న ఏ యంత్రాన్నీ ఒంటరిగా వదిలి భోజనానికి వెళ్ళను. ఇప్పటికీ మా ఇంట్లో బట్టల మిషను నీళ్ళు పిండుతుంటే రెండు చేతులా పట్టుకుని నిలబడతాను. అంతకంటే ముందు, దాని వెనక ఎవరైనా పడుకున్నారేమో తొంగి చూస్తాను.